ఒరిగిన ఇంటికి గుంజ: మొండి రోగాల దగ్గర ఆయుర్వేదం

చరకుడి లెక్కలో ప్రమేహాలు, అంటే మూత్రంలో తేడా చూపే జబ్బులు, 20. కఫం వల్ల వచ్చే 10 నయమవుతాయి. పిత్తం వల్ల వచ్చే 6 అదుపులో ఉంటాయి కానీ పూర్తిగా పోవు. వాతం వల్ల వచ్చే 4 నయం కావు. ఇవాళ జనం షుగర్ అని పిలిచే జబ్బుకు దగ్గరగా కనిపించే మధుమేహం ఈ చివరి నాలుగింటిలో ఉంది. అంటే ఆయుర్వేదానికి మూలమైన గ్రంథమే దాన్ని నయం కాని జబ్బుల వరుసలో పెట్టింది. ఊళ్లలో గోడల మీద, ఆటోల వెనక, ఫోన్లో వచ్చే వీడియోల్లో మాత్రం షుగర్‌ను వేళ్లతో సహా పీకేస్తామనే మాటే కనిపిస్తుంది. ఆ మాట రాసేవాళ్లు చరకుణ్ని చదవలేదో, చదివి పక్కన పెట్టారో వాళ్లకే తెలియాలి.

పాత వైద్యులు ఏ జబ్బునైనా ముందు ఒక ప్రశ్న వేసి చూసేవారు: ఇది లొంగుతుందా, లొంగదా? తేలిగ్గా లొంగేది సాధ్యం. కష్టపడితే లొంగేది కృచ్ఛ్రసాధ్యం. అసలు లొంగనిది అసాధ్యం. వీటి మధ్య ఇంకొకటి ఉంది, యాప్యం. మందు, పథ్యం నడిచినన్నాళ్లు జబ్బు అణిగి ఉంటుంది, ఆపితే మళ్లీ లేస్తుంది. చరకుడిలాగే ఆయుర్వేదానికి మరో మూలపురుషుడైన సుశ్రుతుడు దీనికి చెప్పిన పోలిక ఏ పల్లెటూరి మనిషికైనా ఇట్టే అర్థమవుతుంది. పడిపోబోయే ఇంటికి సరైన చోట పెట్టిన గుంజ లాంటిదట యాప్య రోగికి చేసే చికిత్స. గుంజ ఉన్నన్నాళ్లు ఇల్లు నిలబడుతుంది. గుంజ పెట్టామని ఇల్లు కొత్తదైపోదు.

ఉత్తర తెలంగాణలో ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం ఈ యాప్యం కోవలోవే. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ల మెడ నొప్పి, నడుము నొప్పి. గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి గనుల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల వెన్ను నొప్పి. నాట్లు వేసి, కలుపు తీసి అరిగిన మోకాళ్లు. మరమగ్గాల దగ్గర పూటంతా నిలబడే సిరిసిల్ల కార్మికుల కాళ్ల గుంజుడు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల షుగర్, బీపీ, గ్యాస్. వీటికి తోడు సోరియాసిస్, ఆయాసం, అర్శమొలలు.

వీళ్లెవరూ నేరుగా ఆయుర్వేదానికి రారు. ముందు ఊళ్లో ఆర్ఎంపీ సూది, తర్వాత మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్లలు, ఆ తర్వాత వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో పెద్ద డాక్టరు, స్కానింగులు, ఒకసారి హైదరాబాద్. అన్నీ అయ్యాక ఎవరో చెబితే ఇక్కడికి. ఈ ఆలస్యం మామూలు విషయం కాదు, చికిత్స ఫలితాన్నే మార్చేస్తుంది. ఆయాసం సంగతి చూడండి. తమక శ్వాస అని గ్రంథాలు చెప్పేది ఉబ్బసానికి దగ్గరి లక్షణాలున్న జబ్బు. అది యాప్యమని, కొత్తగా పట్టుకున్నదైతే సాధ్యం కావచ్చని చరకుడి మాట. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఘాటు మధ్య బస్తాలు మోసే హమాలీ పదేళ్లు పఫ్‌తో, అంటే నోట్లోకి పీల్చే మందుతో నెట్టుకొచ్చి, పదకొండో ఏట వైద్యుడి ముందు కూర్చుంటే, అతనిది 'కొత్తగా పట్టుకున్నది' కాదు. పోనీ పఫ్ మానేసి చూద్దామా అని అతనికి ఎవరైనా సలహా ఇస్తే అది ప్రాణం మీదికి వచ్చే సలహా.

వైద్యుడు నాడి పట్టుకోగానే అన్నీ చెప్పేయాలని వచ్చినవాళ్లు ఎదురుచూస్తారు. రిపోర్టుల ఫైలు సంచిలోనే దాచి, "ముందు మీరు నాడి చూసి చెప్పుండ్రి సార్" అని పరీక్ష పెట్టేవాళ్లూ ఉన్నారు. ఇక్కడొక చిన్న ముచ్చట. నాడి చూసి రోగం తేల్చే పద్ధతి చరకుడిలో లేదు, సుశ్రుతుడిలో లేదు. వాళ్ల తర్వాత ఎన్నో శతాబ్దాలకు శార్ఙ్గధర సంహితలో కనిపిస్తుంది. పాత గ్రంథాలు పెద్దపీట వేసింది చూడడానికి, తాకడానికి, అన్నిటికన్నా ఎక్కువగా అడగడానికి. ఆకలి ఎట్లా ఉంది, తిన్నది ఎంతసేపటికి అరుగుతోంది, విరేచనం రోజూ అవుతోందా, నిద్ర ఎన్ని గంటలు, నొప్పి పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా? మంచి వైద్యుడి మొదటి అరగంట ఈ ప్రశ్నలకే సరిపోతుంది. రద్దీ ఓపీలో రెండు నిమిషాల్లో చీటీ తీసుకుని బయటపడిన రోగికి ఈ అరగంటే సగం ఊరట. అది మందు గొప్పతనం కాకపోవచ్చు. అయినా లెక్కలోకి రానిదేమీ కాదు.

అడగడం ఎందుకు ముఖ్యమో కీళ్ల నొప్పుల దగ్గర బాగా తెలుస్తుంది. మోకాలు అరిగి వచ్చే నొప్పి సంధివాతం. పనిచేస్తే పెరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. దీనికి నూనె స్నేహితుడు. మినప్పిండి ముద్దతో మోకాలి చుట్టూ కట్ట కట్టి, గోరువెచ్చని తైలం పోసి కొంతసేపు నిలిపి ఉంచే జానువస్తి దీనికే చేస్తారు. రెండోది ఆమవాతం. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు, కీళ్లు వాచి వేడిగా ఉంటాయి, ఒళ్లంతా బరువు, ఆకలి చచ్చిపోతుంది. ఇవాళ రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే జబ్బుతో దీన్ని పోలుస్తారు. దీనికి మొదటి దశలో నూనె రాయడం తప్పు. సరిగా అరగని ఆహారం నుంచి పుట్టిన 'ఆమం' కీళ్లలో చేరిందని శాస్త్రం లెక్క, నూనె దాన్ని ఇంకా పెంచుతుందట. అందుకే వేడి ఇసుక మూటతో పొడి కాపడం, లంకణం, శొంఠి, కడుపులోకి ఆముదం. ఆమవాతం ఏనుగైతే ఆముదం సింహమని పాత శ్లోకం.

ఇద్దరూ వచ్చి చెప్పేది మాత్రం ఒకటే మాట: "కీళ్లు గుంజుతున్నయి." టీవీలో చూసి ఇద్దరూ కొనేది ఒకే నూనె సీసా. ఆయుర్వేదంలో ఒక మందు ఒక జబ్బుకు అనే పద్ధతి లేదు, ఒక మనిషికి ఒక దశలో ఒక మందు. సీసా మీద 'అన్ని రకాల కీళ్ల నొప్పులకు' అని రాయడం అమ్మకానికి పనికొస్తుంది తప్ప ఆ శాస్త్రానికి పొసగదు.

ఇక పథ్యం. లంకణం పరమౌషధం అనే మాట తెలియని ఇల్లు లేదు కానీ అది పాటించే ఇల్లు వెతకాలి. పథ్యం చేసే రోగికి మందుతో పనేముంది, చేయని రోగికి మందుతో లాభమేముంది అని ఒక పాత వైద్యకవి ఎత్తిపొడిచాడు. మన దగ్గర పథ్యం అనగానే మొదట పోయేవి పుంటికూర, చింతపులుసు, పచ్చిమిరపకాయ, వంకాయ, ఆలుగడ్డ, కల్లు, రాత్రి పెరుగు. ఇవన్నీ తీసేస్తే తెలంగాణ కంచంలో మిగిలేదేంటని రోగి మొహం వేలాడేస్తాడు. పథ్యం మొదలుపెట్టిన వారానికే ఓ పెళ్లి దావత్ వస్తుంది, ఆ తర్వాత బోనాలు, దసరా. వైద్యుల్లో తెలివైనవాళ్లు ఈ యుద్ధం గెలవలేమని తెలుసుకుని బేరం పెడతారు. పులుపు మానకపోయినా రాత్రి పూట వద్దు. తెల్లన్నం ఒక పూట, జొన్న రొట్టె ఒక పూట. ఆకలి వేయకుండా తినొద్దు.

ఆయుర్వేదం వాడితే గ్యాస్, మలబద్ధకం, ఒళ్లు బరువు, కొంతమేరకు షుగర్ కూడా తగ్గాయని చెప్పేవాళ్ల మాట అబద్ధం కాదు. కానీ అందులో చూర్ణం వాటా ఎంత, రాత్రి ఏడింటికి తిని పదింటికి పడుకోవడం వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. చరకుడే ప్రమేహ రోగుల్ని లావుగా ఉన్నవాళ్లు, బక్కగా బలహీనంగా ఉన్నవాళ్లు అని రెండుగా విడగొట్టాడు. మొదటివాళ్లకు శోధన, అంటే వాంతి, విరేచనాలతో ఒంటిని శుభ్రం చేయడం, రెండోవాళ్లకు బలం పెంచే ఆహారం. సాపాటు ఎక్కువై, నడక తక్కువై షుగర్ వచ్చిన నలభై ఏళ్ల మనిషి బరువు తగ్గితే బిళ్లల మోతాదు తగ్గడం ఏ వైద్యంలోనైనా జరుగుతుంది. పుట్టుకతోనో చిన్నతనంలోనో ఇన్సులిన్ లేక షుగర్ వచ్చిన పిల్లవాడికి పొడపత్రి పొడి ఇచ్చి ఇన్సులిన్ ఆపిస్తే కొద్దిరోజుల్లోనే ప్రాణం పోయే పరిస్థితి వస్తుంది. బయట బోర్డు మీద మాత్రం ఇద్దరి జబ్బు పేరూ షుగరే.

నమ్మకాలు సరే, పరీక్షించి చూసినవి ఏమైనా ఉన్నాయా? ఉన్నాయి, కానీ ఉండాల్సినన్ని లేవు. అన్నిటికన్నా గట్టిగా నిలబడేది క్షారసూత్రం. ఉత్తరేణి క్షారం, జెముడు పాలు, పసుపు పూసిన దారాన్ని భగందరం (ఫిస్టులా, మలద్వారం పక్కన పడే చీము దారి) లోకి ఎక్కించి మెల్లగా కోయించే పద్ధతి ఇది. 1991లో అచ్చయిన భారత వైద్య పరిశోధన మండలి పరీక్షలో దీన్ని ఆపరేషన్‌తో పోల్చారు. ఆపరేషన్ పుండు సుమారు 4 వారాల్లో మానితే క్షారసూత్రానికి 8 వారాలు పట్టింది. కానీ ఏడాదిలో జబ్బు తిరగబెట్టింది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 11 శాతానికి, క్షారసూత్రం వేయించుకున్నవాళ్లలో 4 శాతానికి. నిదానం, కానీ గట్టిది.

మోకాళ్ల అరుగుదలపై 440 మందితో 24 వారాలు నడిచిన పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. ఆయుర్వేద మిశ్రమాలు గ్లూకోసమైన్‌కూ, సెలికాక్సిబ్ అనే నొప్పి మాత్రకూ దాదాపు సమానంగా పనిచేశాయి. ఇక్కడ సంబరపడేవాళ్లు ఒక వాక్యం వదిలేస్తారు. మిశ్రమాలు వాడినవాళ్లలో కొందరికి లివర్ పరీక్షలో ఎస్‌జీపీటీ పెరిగింది, మందు ఆపాక మామూలుకు వచ్చింది. మూలికలు కదా, సైడ్ ఎఫెక్ట్ ఉండదు అనే మాటకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌పై కోయంబత్తూరులో జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో ఆయుర్వేద చికిత్సకూ, ఈ జబ్బుకు ఇంగ్లిష్ వైద్యంలో వాడే మెథోట్రెక్సేట్‌కూ పెద్ద తేడా కనబడలేదు. కానీ అందులో ఉన్నది 43 మంది. అంత చిన్న గుంపులో తేడా కనబడలేదంటే తేడా లేదని కాదు. ఇంకా పెద్ద పరీక్ష చేయాలని అర్థం.

నష్టాల సంగతి మందుల షాపులో దొరికే రెండు డబ్బాలతో మొదలుపెట్టవచ్చు. ఒకటి యోగరాజ గుగ్గులు, రెండోది మహాయోగరాజ గుగ్గులు. మోకాళ్ల నొప్పికి రెండూ వాడతారు. 'మహా' అని ఉంది కాబట్టి రెండోది గట్టిదని కొనుక్కుపోయేవాళ్లు ఎందరో. అసలు తేడా లోహాలు. మొదటి దానిలో మూలికలు, గుగ్గులు. రెండో దానిలో వాటితో పాటు నాగభస్మం అంటే సీసం, వంగభస్మం అంటే తగరం, పాదరసంతో చేసిన రససిందూరం ఉంటాయి. శుద్ధి చేసి పుటాలు పెడితే విషం పోతుందని శాస్త్రం నమ్మకం. అది సరిగా జరిగిందో లేదో డబ్బా మూత తీసి చూసి చెప్పగలిగేది కాదు. అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల షాపుల్లో అమ్మే 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14టిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికిందని 2004లో తేలింది. తర్వాత 2008లో ఇంటర్నెట్లో అమ్మే 193 మందుల్ని చూస్తే అక్కడా సుమారు ఐదో వంతు మందుల్లో ఇవే దొరికాయి. మూడు నెలలు, ఆరు నెలలు మింగాల్సిన మొండి రోగికి ఈ లెక్క ముఖ్యం. అర్థం కాని కడుపునొప్పి, రక్తం తగ్గడం, చేతులు కాళ్లు తిమ్మిర్లెక్కడం కనబడితే రక్తంలో సీసం ఎంతుందో చూపించుకోవాలి.

మొక్కల్లోనూ విషాలున్నాయని ఇక్కడి అడవి మనుషులకు చెప్పక్కర్లేదు. ములుగు, ఏటూరునాగారం అడవుల్లో నల్లజీడి గింజలు ఏరేవాళ్ల చేతుల మీద పుండ్లు అందుకు సాక్ష్యం. నల్లజీడి, ముష్టి గింజలు, వత్సనాభి, ఉమ్మెత్త, గురిగింజ, గన్నేరు అన్నీ ఆయుర్వేద మందుల్లో శుద్ధి చేసి వాడేవే, అన్నీ ఔషధ చట్టం కింద విషద్రవ్యాల పట్టికలో ఉన్నవే. వీటితో చేసిన మందు డబ్బా మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని హెచ్చరిక ఉండాలి. తిప్పతీగ అంత ప్రమాదం లేనిదనే అందరూ అనుకునేవారు. కరోనా కాలంలో ఇళ్లలో కషాయం కాచుకుని నెలల తరబడి తాగిన కొందరికి లివర్ దెబ్బతిన్నట్టు వైద్యులు గుర్తించి, 13 ఆసుపత్రుల్లోని 43 మంది వివరాలను 2022లో ప్రచురించారు. పోలికలున్న వేరే తీగను తిప్పతీగ అనుకుని వాడి ఉంటారని ఆయుష్ మంత్రిత్వ శాఖ అంతకుముందే వాదించింది. ఏ తీగో తెలియకుండా కాచుకు తాగడమే అసలు జబ్బు అనిపిస్తుంది ఈ వాదన వింటే.

లోహాల కన్నా, విషపు గింజల కన్నా ఎక్కువ భయపడాల్సింది పేరు లేని పొట్లానికి. కాగితంలో చుట్టి ఇచ్చే ఎర్రపొడో, నల్లగోలీనో. ఏళ్లనాటి నొప్పి రెండు రోజుల్లో ఎగిరిపోతుంది. అలాంటప్పుడు సంతోషం కన్నా అనుమానం రావాలి. గుగ్గులు, కషాయాలు పనిచేస్తే వారాల మీద పనిచేస్తాయి, రాత్రికి రాత్రి కాదు. అంత వేగంగా పనిచేసే పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. ముఖం గుండ్రంగా ఉబ్బడం, ఆకలి విపరీతంగా పెరగడం, షుగర్, బీపీ లేవడం దాని గుర్తులు. భయపడి ఒక్కసారిగా ఆపేసినా ప్రమాదమే. నెలల తరబడి స్టెరాయిడ్ తీసుకున్న ఒళ్లు దాన్ని సొంతంగా తయారుచేసుకోవడం మరచిపోతుంది. మోతాదు మెల్లగా తగ్గించాలంటే లోపల ఏముందో తెలియాలి, పొట్లం మీద పేరే లేదు. లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, లోపలి దినుసుల పేర్లు లేని మందు ఎంత పేరున్న చెయ్యి ఇచ్చినా వద్దనడం మేలు.

చేతి వైద్యం, పసరు వైద్యం, డిగ్రీ వైద్యం మూడింటినీ జనం ఒకే పేరుతో పిలుస్తారు, చిక్కు అక్కడే. ఆయుర్వేద డిగ్రీ బీఏఎంఎస్ అంటే నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, నీట్ రాసి వచ్చిన సీటు. వరంగల్‌లో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, ఆ చదువు అక్కడ చెబుతారు. కామెర్లకు పసరు పోసే వంశపారంపర్య వైద్యుడికి ఈ గొడవ లేదు. కామెర్లలో చాలావరకు వాటంతట అవే తగ్గేవి కాబట్టి పేరు పసరుకు వస్తుంది. తగ్గని హెపటైటిస్-బీ మనిషి మాత్రం రెండు మూడు నెలలు పోగొట్టుకుని వరంగల్‌లోని పెద్ద ప్రభుత్వాసుపత్రి ఎంజీఎంకు చేరతాడు. ప్రకటనల సంగతైతే చట్టం ఎప్పుడో తేల్చింది. షుగర్, బీపీ, పక్షవాతం, ఉబ్బసం, కీళ్లవాతం నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. అయినా గోడల మీద రంగు ఆరడం లేదు.

ఒకే రోగి రెండు వైద్యాలూ నడిపించడం ఈ ప్రాంతంలో మామూలే. పొద్దున మెట్‌ఫార్మిన్, రాత్రి త్రిఫల చూర్ణం. తప్పేమీ లేదు, చెప్పకపోవడమే తప్పు. డాక్టరు తిడతాడని ఆయుర్వేదం సంగతి దాస్తారు, వైద్యుడు నొచ్చుకుంటాడని ఇంగ్లిష్ బిళ్లల చీటీ దాస్తారు. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ లేస్తుంది, పొటాషియం పడిపోతుంది. బీపీ రోగి దగ్గు కోసం అదే చప్పరిస్తూ, మాత్ర పనిచేయట్లేదని మోతాదు పెంచుకుంటూ పోతాడు. పొడపత్రి, షుగర్ బిళ్ల కలిసి ఒక్కోసారి షుగర్‌ను మరీ కిందికి తోస్తాయి. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్ పరీక్ష రాసే ఆయుర్వేద వైద్యుడిని నమ్మవచ్చు. పరీక్షలన్నీ దండగ అనేవాడి దగ్గర నుంచి లేచి రావచ్చు.

చికిత్సను ఒక్క ముక్కలో చెప్పమంటే సుశ్రుతుడు చెప్పింది నిదాన పరివర్జనం, రోగకారణాన్ని వదిలేయడం. కోరుట్లలోనో మెట్‌పల్లిలోనో గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, మెడ వంచి పొద్దంతా తునికాకు చుట్టే మనిషికి మెడ నొప్పి కారణం ఆ చాటే. వదిలేస్తే ఇల్లు గడవదు. కూలి వెయ్యి బీడీల లెక్క. వైద్యుడు కషాయం రాస్తాడు, తైలం ఇస్తాడు, కొంగు తడిపి కాపుకోమంటాడు. దానితో పాటు చాటను ఒళ్లో కాకుండా ఎత్తు పీట మీద పెట్టుకోమని, వంద బీడీలకోసారి లేచి వాకిట్లో అటూ ఇటూ తిరగమని కూడా చెబితే నొప్పి కొంత తక్కువ తిరగబెడుతుంది. ఆమె నెలకోసారి వచ్చి నూనె సీసా నింపుకుని పోతుంది. ఇంకెన్ని రోజులు వాడాలని అడుగుతుంది. బీడీలు చుట్టినన్ని రోజులు అని చెప్పే వైద్యుడి దగ్గరికే మళ్లీ వస్తుంది.